పెద్దమ్మ చింతగింజలు

అన్నయ్య అటక మీది ఇనుప పెట్టె దించి మూత ఎత్తాడు. ఆముదం, బూడిద, ఎండలో ఆరిన నూలు కలిసిన వాసన గుప్పున వచ్చింది. వంటింట్లో గిన్నెలు సర్దుతున్న మా అమ్మ పని ఆపి వచ్చి గడప దగ్గర నిలబడింది. గోడకు ఆనుకొని కూర్చున్న అక్క కళ్లు మూసుకొని, "అమ్మ వచ్చింది" అన్నది.

పెద్దమ్మ పోయి ఏడాది. సంవత్సరీకానికి అందరం పుట్టపాకలో చేరాం. బంధువులు భోజనాలు చేసి వెళ్లిపోయారు, ఇంటివాళ్లమే మిగిలాం. ఏడాదిగా ఆ పెట్టె తెరవడానికి ఎవరికీ మనసొప్పలేదు. అందులో ఒక జత తేలియా రుమాళ్లు, సైకిలు ట్యూబు కోసిన రబ్బరు పీలికల చుట్ట, చిన్న బట్ట సంచిలో చింతగింజలు ఉన్నాయి. అడుగున పాత చీర ముక్కలో చుట్టిన నూలు కట్ట ఒకటి ఉంది. మిగతావన్నీ మాకు తెలిసినవే. ఆ కట్ట సంగతి మాత్రం ఎవరికీ తెలియదు.

పెద్దమ్మ అంటే మా నాన్నకు వదిన. అన్నయ్య, అక్క ఆమె పిల్లలు. పెదనాన్న పోయేనాటికి నాకు ఇంకా ఊహ తెలియదు. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, ముందు గదిలో రెండు గుంటమగ్గాలు. ఒక మగ్గం మీద నాన్న నేసేవాడు. రెండోది పెదనాన్నది. అన్నయ్య కాళ్లు తొక్కుడు చెక్కలకు అందేదాకా ఆ మగ్గం ఖాళీగానే ఉంది. దాని మీద ఎవరూ బట్టలు కూడా ఆరేయలేదు. పెద్దమ్మ ప్రతి శుక్రవారం దాన్ని తుడిచి పసుపు కుంకుమ పెట్టేది.

* * *

ఆ వాసన గురించి చెప్పాలి. తేలియా అంటే నూనె పెట్టినది అని అర్థం. ఈ రుమాలు పుట్టిల్లు కోస్తాలోని చీరాల. ఒకప్పుడు ఓడలెక్కి అరబ్బు దేశాలకు పోయి అక్కడివాళ్ల తలపాగా అయిందట. ఇక్కడ జాలర్లకూ పశువుల కాపరులకూ అదే తలగుడ్డ, అదే లుంగీ. తర్వాత ఆ పని నిలబడింది మా పుట్టపాకలో. 2020లో పుట్టపాక తేలియా రుమాలుకు భౌగోళిక గుర్తింపు వచ్చిందని పత్రికల్లో చదివినప్పుడు, ఆ వార్తను పెద్దమ్మకు ఫోనులో చదివి వినిపించింది నేనే. అంతా విని, "నూనె సంగతి రాశారా?" అని అడిగింది.

నూనె సంగతి ఇదీ. ఆముదపు కాయలు కొట్టి గింజలు తీశాక తొక్కలు మిగులుతాయి. వాటిని పెద్దమ్మ రైతుల ఇళ్లలో అడిగి తెచ్చుకునేది. ఎండబెట్టి, కాల్చి, బూడిదను కుండలో నానబెట్టేది. పైకి తేరిన నీళ్లు వంపుకొని అందులో నూనె కలిపితే ఆ నీళ్లు పాలలా తెల్లబడతాయి. ఆ పాలలో నూలు చిలపలు ముంచి పిండి వంటకు పిండి పిసికినట్టు పిసకాలి, ఎండలో ఆరేయాలి, మర్నాడు మళ్లీ పిసకాలి. రెండు వారాలకు పైగా ఇదే పని. అప్పుడు గానీ నూలు ఎరుపును గట్టిగా పట్టుకోదు. ఇన్ని ఉతుకులు ఉతికినా, ఇన్నేళ్లు పెట్టెలో పెట్టినా ఆ వాసన పోకపోవడానికి కారణం ఆ పిసుకుడే.

ఆ రోజుల్లో పెద్దమ్మ మోచేతుల దాకా నిగనిగలాడుతూ ఉండేది. బడి నుంచి వచ్చి ఆమె మీద పడబోతే, "ఆగు బిడ్డా, నీ బడి అంగీకి నూనె అవుతుంది" అని రెండు చేతులూ వెనక్కి పెట్టుకొని, చెంప మాత్రం ముందుకు వంచేది. నాకు ఆమె ముద్దు అంటే ఆ చెంపే.

* * *

నేత గురించి మాట్లాడేవాళ్లు మగ్గం గురించి మాట్లాడతారు. చీర చూసి, "ఎవరు నేశారు?" అని అడుగుతారు. "ఆసు ఎవరు పోశారు?" అని అడిగినవాణ్ని నా జీవితంలో ఒక్కణ్ని కూడా చూడలేదు.

ఆసు అంటే నెలవంకలా వంచి మేకులు కొట్టిన చెక్క చట్రం. ఈ కొసన ఉన్న మేకు నుంచి ఆ వంపులోని ఒక్కో మేకుకు దారం చుట్టి వెనక్కి తేవాలి. చెయ్యి చాచడం, తేవడం, చాచడం, తేవడం. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అలా ఆడాలి. నాలుగైదు గంటలు పడుతుంది. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000. అలా పోసిన దారం మీద బొగ్గుతో గీతలు గీసి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పీలికలతో బిగించి కట్టాలి. దాన్నే చిటికి కట్టడం అంటాం. నేసేవాడు నాడె విసిరేసరికే పువ్వు దారంలో ఉంటుంది. ఆ పువ్వును దారంలో పెట్టేది ఆడవాళ్లు. తేలియా రుమాలుకైతే నిలువు దారమైన పడుగుకూ, అడ్డం దారమైన పేకకూ రెండింటికీ కట్లు పడాలి. పడుగులో పువ్వు మీద పేకలో పువ్వు వచ్చి సరిగ్గా కూర్చోవాలి. దారం మందం తేడా వచ్చినా సింహానికి మూతి వంకరపోతుంది.

పెద్దమ్మకు చదువు రాదు. నూరు చాపులకు ఒక చింతగింజ కుడి పక్క కుప్ప నుంచి తీసి ఎడమ పక్కన పెట్టేది. చీరకు తొంభై గింజలు. కుడి పక్కన గింజలు అయిపోతే ఒక చీర అయిపోయినట్టు. మాట్లాడుతూనే ఉండేది, అన్నం ఉడికిందా అని వంటింట్లోకి కేక వేసేది, నాకు పద్యం తప్పు పోతే "మళ్లీ చెప్పు" అనేది. లెక్క మాత్రం తప్పేది కాదు. పద్యం అర్థం ఆమెకు తెలియదు. నడక తప్పితే తెలిసేది.

తెల్లవారుజామున దీపం పెట్టకముందే ఆసు మొదలయ్యేది. చీకట్లో పడుకొని వింటే ఎవరు కూర్చున్నారో నాకు తెలిసేది. అమ్మ కూర్చుంటే గాజుల చప్పుడు. పెద్దమ్మ కూర్చుంటే దారం మేకుకు తగిలే చిన్న చప్పుడు ఒక్కటే.

* * *

అక్కకు నాలుగేళ్లు వచ్చేదాకా అందరిలాగే నడిచింది. తర్వాత మోకాళ్లు లోపలికి వంగడం మొదలైంది. పెద్దమ్మ ఆమెను చంకన వేసుకొని ఒక పెద్ద ఆసుపత్రికి తీసుకుపోయింది. అక్కడి డాక్టరు ఎముక వంగాక మళ్లీ సాగదని ఒక్క ముక్కలో చెప్పి, తర్వాతి మనిషిని పిలిచాడు. ఎందుకు వంగిందో ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు. చుట్టుపక్కలవాళ్లు మాత్రం చాలా చెప్పారు. పాపమన్నారు, పెదనాన్న తీర్చని మొక్కు అన్నారు.

యాదగిరిగుట్ట మీద మండలం రోజులుండి ప్రదక్షిణలు చేస్తే నరసింహస్వామి ఎంతటి జబ్బునైనా తీసేస్తాడని మా దిక్కున గట్టి నమ్మకం. పెద్దమ్మ అక్కతో గుట్టకు పోయింది. తొంభై గింజలకు మరో పద్దెనిమిది కలిపి నూట ఎనిమిది చేసుకుంది. ఆ పద్దెనిమిదీ సంచిలో ఒక మూలకు వేరే ముడి వేసి పెట్టుకునేది. మొన్న పెట్టెలో చూసినప్పుడు కూడా ఆ ముడి అలాగే ఉంది.

అక్కడ జరిగింది ఆమె నాకు చాలాసార్లు చెప్పింది, ప్రతిసారీ ఒకేలా చెప్పింది. ప్రదక్షిణల మధ్య మెట్ల మీద కూర్చుంటే, అక్కలాగే కాళ్లు వంగిన పిల్లవాణ్ని ఎత్తుకొని ఒకామె వచ్చి పక్కన కూర్చుంది. ఏ ఊరని పెద్దమ్మ అడిగింది. మర్రిగూడ దగ్గర అన్నది ఆమె. రెండు రోజులకు ఇంకొకరు, మునుగోడు వైపు. తర్వాత చండూరు వైపు నుంచి ఒక ముసలాయన, నడుము విల్లులా వంగి. పెద్దమ్మ అలాంటి ఒక్కొక్కరికీ ఒక గింజ పక్కన పెట్టడం మొదలుపెట్టింది. మండలం పూర్తయ్యేసరికి పదిహేడు గింజలయ్యాయి. పదిహేడు మందీ మన చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. "ఇన్ని ఇళ్లలో ఒకే మొక్కు ఎట్లా తప్పుతుంది?" అని ఆమె తనలో తాను అనుకుందట. పాపం అయితే ఊరు చూసి పట్టదు కదా. అందరి ఇళ్లలోకీ పోయేది నీళ్లు ఒక్కటే.

కొండ దిగి వచ్చి ఇంట్లో ఆ మాట చెప్తే మా నాన్న నమ్మలేదు. తర్వాత సర్కారువాళ్లు వచ్చి సీసాల్లో నీళ్లు పట్టుకొని పోయి, ఫ్లోరైడ్ ఎక్కువ ఉందని చెప్పినప్పుడు నాన్న ఏమీ మాట్లాడకుండా లేచి వెళ్లి, వాకిట్లో బోరింగు దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. మా పళ్ల మీది గోధుమరంగు గారలకు అర్థం నాకు ఆ రోజు తెలిసింది. నాకు ఇప్పటికీ అవి ఉన్నాయి.

స్వామి అక్క కాళ్లు బాగుచేయలేదని పెద్దమ్మ ఎన్నడూ నిష్ఠూరమాడలేదు. ఆ మెట్ల మీద తనను కూర్చోబెట్టింది ఆయనే అనేది. ప్రతి ఏడూ గుట్టకు పోయి వచ్చేది.

* * *

నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ నీరి శాస్త్రవేత్తలు నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీయడానికి కనిపెట్టిన పద్ధతికి అప్పటి మా జిల్లా పేరే పెట్టారు. నల్గొండ టెక్నిక్ అంటే ఆఫ్రికాలోని టాంజానియాలో కూడా తెలుసు. పటిక, కొంచెం సున్నం నీళ్లలో వేసి పది నిమిషాలు నెమ్మదిగా కలపాలి, ఒక గంట కదపకుండా ఉంచాలి, మడ్డి అడుగుకు దిగాక పైన తేరిన నీళ్లు తీసుకోవాలి. పటికలో ఇరవయ్యో వంతు సున్నం. పటిక ఎంత అనేది ఆ నీటిని బట్టి. ఈ మాట చెప్పగానే పెద్దమ్మ ముఖం వికసించింది. నానబెట్టడం, తేరనివ్వడం, కదలకుండా వంపుకోవడం, ఇవన్నీ ఆమె బూడిద నీళ్లతో పుట్టినప్పటి నుంచీ చేస్తున్న పనే కదా.

నలభై లీటర్ల ప్లాస్టిక్ బకెట్టుకు అడుగు నుంచి రెండు వేళ్ల ఎత్తున కుళాయి పెట్టించింది. మొదటిది ఇంట్లో. రెండోది ఆసు కూలి డబ్బులతో కొని బడిలో పెట్టింది. తెల్లవారుజామున ఒక చీర ఆసు సగం పోసి, బడికి పోయి పటిక వేసి కలిపి, మిగతా సగం పోయడానికి ఇంటికి వచ్చేది. గంట కొట్టేసరికి నీళ్లు తేటపడి ఉండేవి. ఇలా ఎన్నేళ్లు చేసిందో లెక్క మేమూ పెట్టలేదు, ఆమే పెట్టలేదు. బడికి సెలవు ఉన్నా వాడలో ఎవరో ఒకరి ఇంట్లో బకెట్టు ముందు కూర్చొని ఉండేది. నీళ్లు తేరకముందే ముంచుకుంటున్నారని కోడళ్ల మీద కోప్పడేది. ఆమె ఇంకెక్కడా గొంతు పెంచగా నేను వినలేదు.

చెప్తే వినరని పాట కట్టింది. సద్దుల బతుకమ్మ నాటికి పెద్దమ్మ ఇంటి బతుకమ్మ అంటే వాడ మొత్తం ఎదురుచూసేది. చీరలకు అద్దగా గిన్నెల్లో మిగిలిన రంగుల్లో గునుగు పువ్వు ముంచేది. అందుకే మా బతుకమ్మలో ఎవరికీ లేని రంగులు ఉండేవి, తంగేడు పసుపు మధ్య రెండు వరసల నీలం, ఒక వరస మిరపపండు ఎరుపు. చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడుతూ ఆమె అందుకునేది:

"చిటికెడు పటికేసి ఉయ్యాలో
గడియసేపు ఆగవే ఉయ్యాలో
అడుగున విషముంది ఉయ్యాలో
అంటకుండ వంచవే ఉయ్యాలో"

కొన్నేళ్ల తర్వాత నారాయణపురంలో, నేనెన్నడూ చూడని ఆడపిల్లలు ఆ పాట పాడుతుంటే విన్నాను. ఎవరు కట్టారని అడిగితే, "పాత పాటమ్మా, మా అమ్మ పాడేది" అన్నారు. ఇంటికి వచ్చి చెప్తే పెద్దమ్మ చాలా సంతోషపడింది. తన పేరు చెప్పలేదేమని నేనే బాధపడ్డాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది, దాచుకోను.

* * *

1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండలో 480 మంది నిలబడ్డారు. మా నీళ్ల గోడు ఢిల్లీకి వినిపించాలని రైతులు, కూలీలు, ఫ్లోరైడ్ పీడితులు ఊరూరా నామినేషన్లు వేశారు. అప్పుడు డిపాజిట్టు 500 రూపాయలు. పక్క ఊరి నుంచి నిలబడ్డ ఒకాయనకు మా వాడలో చందా వేశారు, పెద్దమ్మ రెండు చీరల ఆసు కూలి ఇచ్చింది.

బ్యాలెట్టు కాగితం కాదు, పుస్తకం. లోపలికి వెళ్లిన పెద్దమ్మ ఎంతసేపటికీ బయటికి రాలేదు. వచ్చాక చెప్పింది: "పేజీ తర్వాత పేజీ తిప్పుతుంటే ఆ సారు తొందర పెట్టాడు. ఇంతమంది నీళ్లు అడుగుతున్నారు, ఒకసారి కళ్లారా చూసుకోనీ అయ్యా అన్నాను." కమ్యూనిస్టు పార్టీ నుంచి ధర్మభిక్షంగారు గెలిచారు. మిగతావాళ్లలో దాదాపు అందరి డిపాజిట్లూ పోయాయి, ఆ తర్వాత డిపాజిట్టునే పది వేలకు పెంచారు. కానీ ఆ తర్వాత నల్గొండ అంటే ఏమిటని ఎవరూ అడగలేదు.

చాలా ఏళ్లకు చౌటుప్పల్‌లో మిషన్ భగీరథ పైలాన్ లేచింది, కృష్ణా నీళ్లు గొట్టాల్లో మా ఇంటిదాకా వచ్చాయి. మొదటి రోజు కుళాయి కింద పెద్దమ్మ బిందె పెట్టలేదు, దోసిలి పెట్టింది. తాగి, "తియ్యగా ఉన్నాయి, అయినా గంట ఆగండి" అన్నది. బకెట్టును మాత్రం పారేయనివ్వలేదు.

* * *

ఆమె దేవుళ్లకు గోడలు లేవు. మార్కండేయుడి గుడిలో ఊరేగింపుకు ముందు నడిచేది, పీర్ల పండుగకు పీర్ల కొట్టం ముందు బిందెడు నీళ్లు ఆరబోసి ఊదు వేసేది. పీర్లకు కట్టే దట్టీకి ప్రతి ఏడూ ఒక రుమాలు ఇచ్చేది. అమ్మకానికి కట్టిన వాటిలో మిగిలింది కాదు, దానికోసమే కట్టింది. పట్నం వ్యాపారి ఒకతను ఒకసారి అది చూసి ఎంతకిస్తావని అడిగాడు. ఎంతో కష్టమైన రోజులవి, నూలు ధర పెరిగి, చీరకు గిట్టుబాటు లేక నాన్న నెలల తరబడి మౌనంగా తిరుగుతున్నాడు. పెద్దమ్మ రుమాలు మడిచి పెట్టెలో పెట్టి, అతనికి మజ్జిగ ఇచ్చి పంపింది. ఆ రాత్రి మాకు జొన్న గటకే తిండి. అది తప్పని నాకు అప్పుడు అనిపించింది, ఇప్పుడు అనిపించడం లేదు.

* * *

ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశంగారు తల్లి లక్ష్మి భుజం నొప్పి చూడలేక ఆసు యంత్రం చేశారని విన్నప్పుడు అన్నయ్య వెళ్లి చూసి వచ్చాడు. 1999లో పూర్తయిన ఆ యంత్రానికి ఆయన తల్లి పేరే పెట్టారు, 2017లో ఆయనకు పద్మశ్రీ కూడా వచ్చింది. డబ్బు కూడబెట్టి అన్నయ్య ఒకటి తెచ్చాడు. బిగించిన రోజు పెద్దమ్మ దాని పక్కనే చాప వేసుకొని కూర్చుంది, గింజలు ముందు పోసుకొని. యంత్రం తిరుగుతుంటే ఒక్కో గింజా జరుపుతూ పోయింది. తొంభై జరిగాక యంత్రం కూడా చీర పూర్తి చేసింది. "లెక్క తప్పలేదు" అన్నది. కాసేపాగి అన్నయ్యను అడిగింది: "ఆ లక్ష్మమ్మకు ఇప్పుడు భుజం నొప్పి లేదు కదా?"

అప్పటికే ఆమె కుడి చెయ్యి చెవిని దాటి పైకి లేచేది కాదు. జడ వేసుకోవడం అక్క చేతుల మీదే. అయినా నిద్రలో ఆ చెయ్యి ఆడేది. చివరి వారం మంచం పక్కన పడుకున్నాను. అర్ధరాత్రి దుప్పటి కింద చాచడం, తేవడం, చాచడం, తేవడం. నేను ఆ చెయ్యి పట్టుకొని ఆపాలని చూశాను. అక్క వద్దన్నది. "చీర మధ్యలో ఉంది" అన్నది.

* * *

ఆ నూలు కట్ట సంగతి.

పాత చీర ముక్క విప్పితే లోపల ఎరుపు అద్దిన పేక ఉంది. రబ్బరు కట్లు ఇంకా విప్పలేదు. తేలియాకు ముందు తెల్లగా ఉండవలసిన చోట కట్టి ఎరుపు అద్దుతారు, తర్వాత ఎర్రగా ఉండవలసిన చోట కట్టి నలుపు వేస్తారు. ఇది మొదటి మెట్టు దగ్గరే ఆగింది. అన్నయ్య దాన్ని వెలుతురులో తిప్పి చూసి ఇది ఇంట్లో నేసే డిజైన్లలో ఏదీ కాదన్నాడు. సింహం కాదు, గడియారం కాదు, విమానం కాదు. విప్పి చూద్దామా అన్నాను. విప్పితే తెలుస్తుంది, కానీ నలుపు ఎక్కడ పడాలో ఇక ఎప్పటికీ తెలియదు.

అక్క కట్టను ఒళ్లో పెట్టుకుంది. కాళ్లు సాగని మనిషి, చిన్నప్పటి నుంచి పెద్దమ్మ పక్కన కూర్చొని కట్లు కడుతూ పెరిగింది. కళ్లు మూసుకొని వేళ్లతో ఒక్కో కట్టూ తడుముతూ పోయింది, వెనక్కి వచ్చింది, మళ్లీ పోయింది. ఎవరూ కదల్లేదు. చాలాసేపటికి, "సగం తెలిసింది" అన్నది. పెట్టెలోని రబ్బరు చుట్ట లాగి చూసింది. పాతబడి, లాగగానే పుటుక్కున తెగింది.

"చౌరస్తాలో పంక్చర్ల దుకాణం మూసి ఉండదు. పాత ట్యూబు ఒకటి పట్టుకొని రా చెల్లీ. మెత్తది చూసి తే" అన్నది.

నేను తిరిగి వచ్చేసరికి ముందు గదిలో దీపం పెట్టి ఉంది. అక్క పెదనాన్న మగ్గానికి ఆనుకొని కూర్చుంది. చింతగింజలన్నీ కుడి పక్కన కుప్ప పోసుకొని ఉంది.